కుక్కలకు ఊళ్ల పేర్లు పెట్టిన అవ్వ

మొన్న మా కాలేజీలో ఏదో సదస్సు కోసం ఇద్దరు విద్యార్థులు కొత్త ఫ్లెక్సీ విప్పుతున్నారు. చుట్ట విడిపోగానే గాలి తగిలి అది ఒక్కసారిగా ఫట్‌మని మోగింది. స్టాఫ్ రూము మెట్ల మీద టీ తాగుతున్న నేను ఉలిక్కిపడి గేటు వైపు చూశాను. గేటు మూసే ఉంది. పక్కనున్న తెలుగు మాస్టారు "ఏమైంది సార్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. నాలుగేళ్లుగా ఆ చప్పుడు ఎక్కడ విన్నా నా కళ్లు గేటు కోసం వెతుకుతాయి. ఆ వెంటనే ఒక ముసలామె గుర్తొస్తుంది.

ఆమె పేరు రాయను. ఒకసారి మా కాలేజీ పిల్లలు ఆశ్రయం బోర్డు మీద పేరు రాయిస్తామంటే, "నా పేరెందుకప్పా? నేనేమన్నా తప్పిపోతానా?" అంది. మేమందరం అవ్వ అనే పిలిచేవాళ్లం.

మొదటిసారి చూసినప్పుడు ఆమెను నేను కూలిమనిషి అనుకున్నాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, ఆళ్లగడ్డ ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉందనగా, ఒక రైతు వాడుకోమని ఇచ్చిన అర ఎకరంలో ఉండేది ఆ కుక్కల ఆశ్రయం. మూడు రేకుల షెడ్లు, చుట్టూ కంచె. చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఒకామె పెంట ఎత్తుతోంది.

"ఏమ్మా, ఇక్కడ మేడం ఎవరు? కాస్త పిలుస్తావా?" అన్నాను.

"పిలుస్తా. ఆ బకెట్ ఇట్టియ్యి" అంది.

ఇచ్చాను. నీళ్లు పోసి నేల కడిగింది. "ఆ చీపురు." ఇచ్చాను. "ఆ ఫినాయిలు." అదీ ఇచ్చాను. పది నిమిషాలు అడిగినవన్నీ అందించాక చేతులు కడుక్కుని, చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"చెప్పు సారూ. నేనే మేడం."

నన్నే కాదు, పశువుల డాక్టరునైనా ఎమ్మార్వోనైనా ఆమె సారూ అంటూనే నువ్వు అనేది. బండి ఆత్మకూరు హాస్టల్లో ఇరవై ఏళ్లకు పైగా వంట చేసిన మనిషి. ఆ అలవాటు పోక, కుక్కల కోసం కోడికాళ్లు వేసి ఉడికించిన పసుపన్నాన్ని కూడా దించే ముందు ఇంత నోట్లో వేసుకుని చూసేది. పిల్లలు ముఖం చిట్లిస్తే, "నా నోటికి బాగలేనిది దానికెందుకు పెట్టాల?" అనేది.

నేను అక్కడికి వెళ్లింది దయతో కాదు. డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. చదువులో భాగంగా నెలా రెండు నెలలు ఏదో ఒక సేవ చేసి, రిపోర్టు ఇవ్వాలి. మిగతా లెక్చరర్లు ఇంటింటి సర్వేలు తీసుకున్నారు. ఎండలో ఊళ్లు తిరగడం కంటే ఒకచోట కూర్చుంటే అయిపోతుందని నేను దీన్ని ఎంచుకున్నాను. నాకు కావలసింది ఫైలు. ముప్పైమంది పిల్లలను ఆమెకు అప్పజెప్పి, వారానికోసారి వచ్చి చూసి వెళ్లేవాణ్ని.

ఆ కంచె లోపల కొన్ని కట్టుబాట్లు ఉండేవి. అక్కడ ఎవరూ 'పాపం' అనకూడదు. మూడుకాళ్ల కుక్కను చూసి ఒక అబ్బాయి "అయ్యో పాపం" అన్నాడు. "పాపమంటే దానికి కడుపు నిండదు. చీపురు పట్టు" అంది. ఇంకొకటి, గేట్లు. లోపల ఒకటి, బయట రోడ్డు మీదికి ఒకటి. రెండూ ఒకేసారి తెరవకూడదు. లోపలిది మూసి గడియ పెట్టాకే బయటిది తియ్యాలి. ఆ గడియలు కిర్రుమంటే కుక్కలు బెదురుతాయని వాటికి నల్లటి గ్రీజు దట్టంగా పూసి పెట్టేది.

ఇక పేర్లు. టామీ, రాజా లాంటివి ఆమెకు గిట్టవు. ఏ ఊళ్లో దొరికిన కుక్కకు ఆ ఊరి పేరే. పాణ్యం, బండి ఆత్మకూరు, నంద్యాల మూడు, నంద్యాల ఏడు. "సార్, నిన్న పాణ్యం నన్ను కరవబోయింది" అని పిల్లలు చెప్తుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆదివారం చర్చికి మాత్రం చొక్కా తీసేసి తెల్లచీర కట్టుకుని వెళ్లేది. అక్కడ గట్టిగా ప్రార్థన చేసేదట: "ప్రభువా, పాణ్యానికి విరేచనాలు ఆపు. బండి ఆత్మకూరును లేపి నిలబెట్టు." ఆ ఊళ్లకేదో రోగం వచ్చిందనుకుని చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అనేవాళ్లట. ఇది ఆమే చెప్పి, ఆమే నవ్వింది.

ఆ పిల్లల్లో శిరీష అని ఒక అమ్మాయి ఉండేది. ఆళ్లగడ్డ. వాళ్ల నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. క్లాసులో నోరు విప్పేది కాదు. ఆమెకు అవ్వ ఒక్క కుక్కనే అప్పజెప్పింది. దాని పేరు చాగలమర్రి. గోధుమరంగు ఆడకుక్క. అడవిపందుల కోసం పొలం గట్టున పెట్టిన ఉచ్చులో పడి, తీగ మెడలోకి దిగిపోయింది. డాక్టరు కుట్లు వేశాడు కానీ రోజూ మందు పూయాలి. మనిషి నీడ పడితే చాలు, అది షెడ్డు మూలకు పోయి గోడలో దూరాలన్నట్టు చూసేది.

"దాని దిక్కు చూడొద్దు. పిలవొద్దు. వీపు దానికి పెట్టి కూచో" అంది అవ్వ.

"ఎంతసేపవ్వా?"

"దానికి బుద్ధి పుట్టేదాకా."

"నేనేం చెయ్యాల మరి?"

"ఏమీ చెయ్యొద్దు. మీ కాలేజీలో చేసేదే గదా."

రోజూ గంటసేపు ఆ పిల్ల దానికి వీపు పెట్టి కూర్చునేది. మందు పూసేది మాత్రం అవ్వే, దుప్పటి కప్పి పట్టుకుని. పదకొండో రోజున కుక్క లేచి వచ్చి శిరీష జడ వాసన చూసింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. దూరం నుంచి అవ్వ, "ఏడ్సుకో. కదలొద్దు" అంది. అప్పటినుంచి మందు పూసేది శిరీషే. మెడకు తగలకుండా ముందుకాళ్ల వెనక మెత్తటి గుడ్డతాడు కట్టి, లోపలే నాలుగడుగులు నడిపించేది కూడా.

నెలన్నర గడిచింది. చివరి రోజు వచ్చింది. రిపోర్టుకు ఫొటో కావాలి. తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కింద అచ్చయ్యే ఫొటో. దాంట్లో కాలేజీ ఫ్లెక్సీ కనిపించాలి, ఆశ్రయం బోర్డు కనిపించాలి, పిల్లలు కుక్కను పట్టుకుని ఉండాలి. బోర్డు బయట గేటు పక్కనుంది. మామూలు కుక్కలతో తీసుకోమని అవ్వ ముందే చెప్పింది. నాకు మాత్రం మెడకు కట్టున్న చాగలమర్రే కావాలనిపించింది. చూసేవాళ్ల మనసు కరుగుతుందని. అవ్వ కోడికాళ్ల కోసం ఆటోలో ఆళ్లగడ్డ పోగానే, శిరీషను దాన్ని తీసుకురమ్మన్నాను.

"అవ్వ వద్దన్నాది సార్."

"నేను చెప్తున్నా కదా. పది నిమిషాల పని."

"అది బెదురుతాది సార్."

"శిరీషా, మార్కులేసేది అవ్వా, నేనా?"

ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. నవ్వుతూనే అన్నాను. కానీ అన్నాను.

ఆ పిల్ల కుక్కను తెచ్చింది. అందరూ బయటి గేటు దగ్గర నిలబడ్డారు. లోపలి గేటు వాళ్ల వెనక తెరిచే ఉంది. బోర్డు ఫొటోలో పడాలని బయటి గేటు గడియ నేనే లాగి, నేనే రెండు రెక్కలూ బార్లా తీశాను. ఇద్దరబ్బాయిలు ఫ్లెక్సీ విప్పారు. అప్పుడే రోడ్డు మీద ఒక లారీ పోయింది. ఆ గాలికి ఫ్లెక్సీ ఫట్‌మంది. చాగలమర్రి ఒక్క గుంజు గుంజింది. గుడ్డతాడు ఊడొచ్చింది. మేము ఊపిరి తీసుకునేలోగా అది రోడ్డు దాటి అవతలి జొన్నచేలో కలిసిపోయింది.

అరగంటకు అవ్వ వచ్చింది. తెరిచిన గేటు చూసింది, పిల్లల ముఖాలు చూసింది. సంచి కింద పెట్టింది.

"ఎవురు తీసినారప్పా గేటు?"

ముప్పైమంది పిల్లలు. అందరూ నేల చూస్తున్నారు. నా నోటివెంట వచ్చిన మాట ఇది: "పిల్లలమ్మా... తొందరలో... శిరీష కుక్కను తెచ్చేటప్పుడు చూసుకోలేదు."

శిరీష తలెత్తి నన్ను చూసింది. మళ్లీ దించుకుంది.

అవ్వ నా ముఖం చూడలేదు. నా చేతులు చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. కుడిచేతి వేళ్లన్నీ నల్లటి గ్రీజు.

"సబ్బు ఆడుండాది సారూ. చేతులు కడుక్కో" అంది. అంతే. పిల్లల వైపు తిరిగి, "నంద్యాల దిక్కు ఎవురూ పోవద్దు. ఊరి పేరు ఊరికే పెట్టినానా? అది చాగలమర్రి దిక్కే పోతాది. మెడకు మందు లేకుంటే పురుగు పడతాది. పదండి" అని రోడ్డెక్కింది.

నేను చేతులు కడుక్కున్నాను. గ్రీజు తొందరగా పోలేదు.

తర్వాతి మూడు రోజులు పిల్లలు జట్లుగా బైకుల మీద వెతికారు. నేను రిపోర్టు రాస్తూ కూర్చున్నాను. శిరీష కాలేజీకి రాలేదు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు పిలవకుండా ఖాళీ పెట్టి ముందుకు పోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మంలో అవ్వ నిలబడింది. అదే చొక్కా. కాళ్లనిండా దుమ్ము. ఉదయం నుంచి రోడ్డు వెంబడి టీ కొట్లలో అడుగుతూ తిరిగి, బస్సెక్కి వచ్చిందట. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"కుక్క దొరికిందా అవ్వా?"

"దొరకలా. ఆ పిల్ల వస్తాండాదా కాలేజీకి?"

"రావడం లేదు."

"ఫోన్ చేస్తే ఎత్తదు. మరి నువ్వేం చేస్తాండావ్?"

నేను బల్ల మీద ఉన్న రిపోర్టు వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"కుక్కను నేనెతుక్కుంటా సారూ. పిల్లను నువ్వెతుకు."

చెప్పి వెళ్లిపోయింది. తోటి లెక్చరరు "ఎవరండీ ఆమె, అట్లా మాట్లాడుతుంది?" అన్నాడు. నేను రిపోర్టు బీరువాలో పెట్టి, ఆళ్లగడ్డ బస్సెక్కాను.

శిరీష వాళ్ల నాయన రోడ్డు పక్కన పందిరి కింద నంది విగ్రహం చెక్కుతున్నాడు. కనుబొమల మీద తెల్లటి రాతిదుమ్ము. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"రాండి సారూ. మా పాప ఏం తప్పు జేసిందో మీరన్నా చెప్పండి. కుక్కను పోగొట్టినానంటాది, అన్నం తినదు. ఇంక కాలేజీకి పోనంటాండాది."

లోపలి గుమ్మంలో శిరీష కనిపించింది.

"పాప తప్పు చేయలేదన్నా. వద్దని చెప్పింది. నేనే తెమ్మన్నాను. గేటు తీసింది నేను. అడిగినప్పుడు పాప మీద పెట్టాను."

ఆయన ఉలి కింద పెట్టాడు. కూతురి వైపు తిరిగాడు.

"ఈ మాట చెప్పలేదే నువ్వు?"

"తాడు నా చేతిలోనే ఉండె గదా నాయనా" అంది ఆ పిల్ల.

ఆయన నంది మూపురం మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నాడు. "ఈడ నలుగురం ఒక రాయి మీద పన్జేస్తాం సారూ. రాయి పగిల్తే, ఎవుని దెబ్బకు పగిలిందో వాడే లేసి చెప్తాడు. చెప్పకుంటే రేపట్నించి వాని పక్కన ఎవుడూ కూచోడు."

అప్పుడు శిరీష అడిగింది, "నాకు చెప్తే ఏమొస్తాది సార్? వాళ్లందరి ముందర చెప్తారా?"

"చెప్తాను. నువ్వు రా."

"చెప్పినాక వస్తా" అంది.

మరుసటి రోజు క్లాసులో పుస్తకం తెరవకుండానే చెప్పాను. కుక్కను తెమ్మన్నది నేను, వద్దన్నది శిరీష, గేటు తీసింది నేను, అబద్ధం చెప్పింది నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చివరి బెంచీలోంచి ఒక అబ్బాయి నెమ్మదిగా అన్నాడు.

"మాకు తెలుసు సార్. మేమందరం ఆడనే ఉన్నాం గదా."

నిజమే. ముప్పైమంది కళ్లముందు జరిగింది. నేను వాళ్ల దగ్గర దాచిందేమీ లేదు. మాస్టరు అబద్ధమాడితే నోరు మూసుకోవాలని వాళ్లకు నేర్పాను, అంతే. నేను చెప్పిన కామర్సు పాఠాల్లో వాళ్లకు ఎన్ని గుర్తుంటాయో తెలియదు, ఆ పాఠం మాత్రం మరచిపోయేది కాదు.

నేను ఏం చెప్పానో ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. రెండో పీరియడుకు శిరీష గుమ్మంలో ఉంది. లోపలికి వచ్చి కూర్చోలేదు. "సార్, ఆళ్లగడ్డ అవతల పంచరు షాపు దగ్గర గుడ్డకట్టు కుక్కను చూసినారంట. పోవాల" అంది. క్లాసు మొత్తం లేచింది. నేనూ లేచాను.

పంచరు షాపు వెనక, టైర్లు లేని పాత ట్రాక్టరు ట్రక్కు కింద ముడుచుకుని ఉంది చాగలమర్రి. కట్టు నల్లబడింది. ఈగలు ముసురుతున్నాయి. అవ్వ అప్పటికే వచ్చి, చుట్టూ ఎవర్నీ రానీయకుండా రోడ్డు అవతల నిలబెట్టింది. శిరీష వెళ్లి ట్రక్కుకు వీపు ఆనించి కూర్చుంది. పొద్దు వాలేదాకా కూర్చుంది. మేము అవతల గట్టు మీద కూర్చున్నాం. ఎవరూ ఫోన్ బయటికి తీయలేదు. చివరికి కుక్క పాకుతూ వచ్చి ఆ పిల్ల ఒడిలో తల పెట్టింది.

గాయంలో పురుగు పడింది. అవ్వ లైటు పట్టుకోమని నాకు చెప్పి, ఒక్కొక్క పురుగునూ చిన్న పట్టకారుతో తీసింది. నేను ముఖం పక్కకు తిప్పబోయాను. "మొగం తిప్పొద్దు. లైటు కదుల్తాది" అంది. తిప్పలేదు. మరో పదిరోజులకు మెడ మానింది. ఒకవైపు వెంట్రుకలు మాత్రం మళ్లీ రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆమెతో చెప్పాను.

"అవ్వా, ఆ రోజు గేటు తీసింది నేనే."

"తెలుసు" అంది, అన్నం గంజు తోముతూ.

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

ఆమె తోముతున్న చెయ్యి ఆపలేదు. "నేనంటే నువ్వు నాతో కొట్లాడేవానివి, లేకుంటే నాకు జవాబు చెప్పి పొయ్యేవానివి. దానివల్ల ఆ పిల్లకేమొస్తాది? దానికి కావాల్సింది నీ నోటినుంచి రావాల గదా."

కాసేపటికి ఆమే, "హాస్టల్లో నేనూ ఒకసారి అట్ల చేసినాలే. అన్నం మాడబెట్టి, సహాయం చేసే పిల్ల మీద ఏసినా. ఆ పిల్ల మరుసటి దినం నుంచి రాలా. నేను పోయి ఎతకలా. ఇప్పుడు యాడుండాదో ఏమో" అంది. గంజు బోర్లించి, "ఆదివారం ఖాళీయేనా నువ్వు?" అని అడిగింది.

అప్పటినుంచి ఆదివారాలు అక్కడే. రిపోర్టులో గేటు సంగతి రాశాను. ప్రిన్సిపాల్ అది తీసేయమన్నాడు, తీయలేదు. ఫొటో లేని రిపోర్టు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా చదివినట్టు లేరు.

అవ్వ ఇప్పుడు పాణ్యంలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మోకాళ్లు రెండూ పనిచేయవు. ఆశ్రయం శిరీష చూస్తోంది. ఆళ్లగడ్డలో ఒక బడిలో చదువు చెప్తూ, పొద్దునా సాయంత్రం అక్కడికి వస్తుంది. ఏటా మా కాలేజీ పిల్లలు ఒక జట్టు వస్తారు. గేట్ల సంగతి వాళ్లకు మొదటి రోజే నేను చెప్తాను, నా పేరుతో సహా. అంతా విని వాళ్లు అడిగేది ఒక్కటే: "కుక్క బతికిందా సార్?" షెడ్డు నీడలో పడుకున్న చాగలమర్రిని చూపిస్తాను. లావెక్కింది. కొత్తవాళ్లను చూసి లేవను కూడా లేవదు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అవ్వ ఫోన్ చేస్తుంది. శిరీష ఫోన్ స్పీకర్లో పెట్టి, పొయ్యి మీద అన్నం కలుపుతూ మాట్లాడుతుంది. ముందు కుక్కల సంగతి, ఊరు ఊరుగా. ఎవరికి జ్వరం, ఎవరు తినలేదు, ఎవరు ఈనారు. అన్నీ అయిపోయాక చివర్లో ఆ గొంతు అడుగుతుంది.

"సారు వచ్చినాడా?"

షెడ్డు కడుగుతున్న నేను పైపు మడిచిపట్టి, వినిపించేలా నిలబడతాను. శిరీష నా కోసం ఒక్క మాట కూడా మార్చి చెప్పదు. ఆలస్యంగా వస్తే ఆలస్యంగా వచ్చాడంటుంది. రాని వారం రాలేదంటుంది. మొన్న ఆదివారం అవ్వ అడిగినప్పుడు ఆ పిల్ల గరిటె ఆపి, నా వైపు ఒకసారి చూసింది.

"వచ్చినాడవ్వా. నాకంటే ముందే వచ్చినాడు."

"అయితే పని చెప్పు" అంది అవ్వ.